రెండవ త్రోవ

అగ్నిభయమును గూర్చి పసిపిల్లలకు బోధించుట యనగా నిప్పుతో నాడరాదని చెప్పుటయే యని మనలో పెక్కుర తలంపు. ఆ మాట యింటిలో తల్లులు చెప్పుచునే యున్నారు. బడి నేర్పవలసినది వేఱొకటి కలదు.

అమెరికాలో ఓహయో రాష్ట్రమున, క్లీవ్‌లాండు నగరము చెంత, కాలిన్‌వుడ్ అను నూర నొక బడి యుండెను. 1908 మార్చి 4వ తేదీ యుదయమున దాని ముందరి మెట్లక్రింద నిప్పు పుట్టెను. దిగివచ్చిన పిల్లలు మంటను జూచి, మరలి, వెనుకవాకిటివైపు పరుగెత్తిరి. ముందువారు పడిరి, వారిపై వెనుకవారు పడిరి. త్రోవ మూసికొనిపోయెను. 172 మంది బాలబాలికలును, ఇద్దఱు ఉపాధ్యాయినులును, రక్షింపబోయిన యొకడును మడిసిరి. ఆ పిల్లలకు కొఱవడినది ధైర్యము కాదు. ముందరి త్రోవ మూసినప్పుడు త్రొక్కిసలాడక వెనుకకు మరలు నలవాటు.

త్రోవయే లేనిచో? 2004 జూలై 16న తమిళనాడున కుంభకోణములో, మధ్యాహ్న భోజనపు వంటయింటి నిప్పు బడి మేడమీది యాకుకప్పున కంటుకొని 94 మంది పిల్లలను బలిగొనెను. దిగుటకు ఇఱుకుమెట్లు తప్ప వేఱు దారి లేకపోయెను. 2009లో సర్వోన్నత న్యాయస్థానము బడులలో అగ్నిమాపక సాధనము లుండవలెననియు, ఉపాధ్యాయులు శిక్షణ పొందవలెననియు ఆజ్ఞాపించెను. గోడలకు ఎఱ్ఱని సిలిండర్లు వచ్చినవి. మే మెఱిగిన కొన్ని బడులలో రెండవ వాకిలికి తాళమును, దానిముందు విఱిగిన బల్లలును నేటికిని గలవు.

మా ఒకటవ తరగతివారిని నెల కొకసారి మేము నడిపించుచున్నాము. ముందరి వాకిట నొక పెద్దపిల్ల నిలిచి “ఇచట మంట” యనును. తొలినెల సగము మంది బల్లలక్రింద దూరిరి. మూడవ నెల నొకరి భుజముపై నొకరు చేయివైచి వెనుకవాకిటికి వచ్చిరి. ఆ తలుపు గడియ వారి చేతి కందదని మాకు నాడు గాని తెలియలేదు.