దొరకని అమరికల ఫైలు: లినక్స్ ఆటల వెనుక ఒక ఆచారం

కాన్ఫిగరేషన్ ఫైలు అంటే ప్రోగ్రాము మొదలుకాగానే చదువుకొనే అమరికల పత్రం. అది ఎక్కడ ఉండాలన్న ఆచారం యూనిక్స్ కాలం నుండి క్రమంగా ఏర్పడింది. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ ఆదేశం ప్రస్తుత, పై డైరెక్టరీలను సూచించే ‘.’, ‘..’ అనే రెండు పేర్లను దాచడానికి తొలి అక్షరాన్ని మాత్రమే పరీక్షించినందువల్ల చుక్కతో మొదలయ్యే ప్రతి ఫైలూ కంటికి కనబడకుండా పోయిందని, ఆ పొరపాటే క్రమేణా పద్ధతిగా స్థిరపడిందని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్ 2012లో వివరించారు. అమరికలన్నిటినీ ‘.కాన్ఫిగ్’ అనే ఒకే డైరెక్టరీలో చేర్చాలన్న ఎక్స్‌డీజీ అనే డెస్క్‌టాప్ ప్రమాణాల నిర్దేశం 2003లో గాని రాలేదు.

అమరికల ఫైలు దొరకకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి 1999లో విడుదలైన క్వేక్ 3 అరీనా అనే ఆట చరిత్ర ఎంతో విలువైనది. దాన్ని రూపొందించిన ఇడ్ సాఫ్ట్‌వేర్ 2005లో దాని మూలసంకేతాన్ని జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఇచ్చింది గాని, బొమ్మలు, ధ్వనులు గల దత్తాంశాన్ని ఇవ్వలేదు. అందుచేత ఆ సంకేతంతో తయారైన ఇంజనును మాత్రమే స్థాపించుకున్నవారికి ‘డిఫాల్ట్.సీఎఫ్‌జీ’ అనే అమరికల ఫైలు తెరుచుకోలేదన్న సందేశమే ఎదురవుతుంది. ఆ ఫైలు విడిగా ఉండదు, జిప్ పద్ధతిలో కుదించిన ‘పాక్0.పీకే3’ లోపల ఉంటుంది కనుక, ఖాళీ ఫైలును సృష్టించడం వ్యర్థం. కొనుక్కున్న ఆట ప్రతిలోని ఆ పాక్ ఫైలును ‘బేస్‌క్యూ3’ డైరెక్టరీలో ఉంచాలి. పెద్ద, చిన్న అక్షరాల భేదం లేని లిపికి అలవాటుపడిన తెలుగువారు, లినక్స్ ఫైళ్ల పేర్లలో ఆ భేదాన్ని కచ్చితంగా పాటిస్తుందని ప్రత్యేకంగా గమనించాలి. అప్పటికీ ఆట మొదలుకాకపోతే, ప్రోగ్రాము ఏ ఫైలును ఏయే దారుల్లో వెతికిందో ఎస్‌ట్రేస్ అనే సాధనం వరుసగా చూపుతుంది.