పొక్కులు వస్తే మందు పనిచేస్తున్నట్టేనా?

పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే సెటుక్సిమాబ్, పానిటుముమాబ్, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇచ్చే ఎర్లోటినిబ్ కణాల పెరుగుదలకు తోడ్పడే ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటాయి. చిక్కేమిటంటే ఆ ప్రోటీన్ చర్మం అడుగు పొరలోనూ, వెంట్రుకల కుదుళ్లలోనూ ఉంటుంది. చాలామందికి ఒకటి రెండు వారాల్లోనే ముక్కు పక్కల, మాడు మీద, ఛాతీ పైభాగాన దురదతో చీము పొక్కులు లేస్తాయి. చూపుకు మొటిమలే, కానీ బ్లాక్‌హెడ్స్ ఉండవు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మొటిమల క్రీము రాస్తే చర్మం మరింత ఎండి మంట పెరగవచ్చు. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తేలదు కనుక తీవ్రతను తక్కువగా అంచనా కట్టే ప్రమాదమూ ఉంది.

పొక్కులు బాగా వచ్చినవారిలో మందు ఫలితమూ మెరుగ్గా ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో కనబడింది. దాంతో ‘ఓర్చుకోండి, మంచిదే’ అనే మాట పుట్టింది. ఈ లెక్కలో ఒక మెలిక ఉంది: ఎక్కువ కాలం బతికి మందు వాడినవారికే పొక్కులు రావడానికి వ్యవధి దొరుకుతుంది. ఎవరెస్ట్ అనే అధ్యయనంలో పొక్కులు అంతగా రాని రోగుల్లో కొందరికి సెటుక్సిమాబ్ మోతాదు పెంచారు. కణితి తగ్గినవారు 16 నుంచి 30 శాతానికి పెరిగారు, ఆయుర్దాయం మాత్రం పెరిగినట్టు తేలలేదు.

ఓర్చుకోవడం తప్పనిసరి కాదనడానికి 2010లో వెలువడిన స్టెప్ అధ్యయనం ఆధారం. పానిటుముమాబ్ తీసుకునే 95 మందిలో సగం మందికి ముందునుంచే మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము, రోజుకు రెండుసార్లు 100 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ ఇచ్చారు. మిగతావారికి పొక్కులు వచ్చాకే వైద్యం. ఆరు వారాల్లో ఓ మోస్తరు, అంతకు మించిన చర్మబాధలు మొదటివారిలో 29 శాతం, రెండోవారిలో 62 శాతం. తేడా పెద్దదే, సంఖ్య చిన్నది. పైగా ఏది రాస్తున్నారో, మింగుతున్నారో రోగులకూ, వైద్యులకూ తెలుసు. డాక్సీసైక్లిన్ కోవకే చెందిన టెట్రాసైక్లిన్‌ను ప్లాసిబోతో పోల్చిన అధ్యయనాలు రెండు ఒకేమాట చెప్పలేదు: 2008 నాటిది తీవ్రత తగ్గిందంది, తర్వాతిది ఆ ఫలితాన్ని నిలబెట్టలేదు. డాక్సీసైక్లిన్ కూడా ఊరకే మింగే మాత్ర కాదు. ఎండకు చర్మాన్ని కమిలిస్తుంది. మన వేసవిలో అది చిన్న విషయమేమీ కాదు.

స్టెప్ లెక్క ఆరు వారాలది. ఈ మందులతోనే వచ్చే మరో ఇబ్బంది, గోటి అంచులు వాచి చీము పట్టడం, చాలామందిలో నెల, రెండు నెలలకు గాని మొదలవదు. అంట్లు తోమేవారికి, చింతపండు పిసికేవారికి ముఖం మీది పొక్కులకన్నా ఆ బాధే ఎక్కువ కావచ్చు.