తురక అంటే ఎవరు?

మా ఊళ్లో మా వీధి పేరు తురకల వీధి. పాలు పోసే ఆమె మా అమ్మను "తురకోళ్ల వదినా" అని పిలిచేది. అమ్మ నవ్వుకుంటూ చెంబు పట్టుకొచ్చేది. బడిలో అదే మాట ఇంకోలా ఉండేది. ఆటలో గొడవైతే చాలు, "పోరా తురకోడా, మీ దేశం పో" అనేవాళ్లు. ఒకే మాట. ఒకచోట వరస, ఇంకోచోట వెలి. ఇంతకీ తురక అంటే ఎవరు? మేం తురకలం ఎట్లా అయ్యాం?

ఆ మాటకు మూలం తుర్క్. మంగోలియాలోని ఓర్ఖోన్ లోయలో 8వ శతాబ్దపు రాతి శాసనాలున్నాయి. 732లో కుల్ తెగిన్ అనే రాకుమారుడి జ్ఞాపకార్థం నిలిపిన శిల వాటిలో ఒకటి. వాటిలో ఆ జనం తమను తాము తుర్కులమని చెప్పుకున్నారు. వాళ్లు ముస్లింలు కారు. తెంగ్రి అనే ఆకాశదేవుణ్ణి కొలిచేవాళ్లు.

ఎల్లలు దాటినకొద్దీ ఆ మాట అర్థం మార్చుకుంటూ పోయింది. పారశీక గజళ్లలో తుర్క్ అంటే మనసు దోచే ప్రియతమ. ఇస్తాంబుల్‌లోని ఒట్టోమాన్ దర్బారు పెద్దలకు తుర్క్ అంటే అనటోలియా మోటు రైతు. 1923లో టర్కీ రిపబ్లిక్ ఏర్పడ్డాక అదే మాట జాతి గౌరవమైంది. షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లీషులో ఎవడైనా తుర్కు అయ్యాడంటే ఇస్లాంలో కలిశాడని అర్థం. అమెరికా నుంచి వచ్చిన ఒక పెద్దకోడికి ఆ ఇంగ్లీషువాళ్లే టర్కీ అని పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, టర్కీవాళ్లు ఆ కోడినే 'హిందీ' అంటారు, అంటే హిందూదేశానిదని. పాపం, ఆ కోడి ఈ రెండు దేశాలదీ కాదు!

మన దేశంలో సంస్కృతం దాన్ని తురుష్క చేసింది. 12వ శతాబ్దంలో కల్హణుడు రాజతరంగిణిలో కనిష్కుణ్ణి తురుష్క వంశీకుడన్నాడు, మఠాలూ చైత్యాలూ కట్టించిన పుణ్యాత్ముల్లో లెక్కవేశాడు. గుళ్లు కొల్లగొట్టి విగ్రహాలు పెకలించిన కాశ్మీర రాజు హర్షుణ్ణీ తురుష్కుడనే అన్నాడు. ఒకరు బౌద్ధాన్ని ఆదరించినవాడు, ఇంకొకరు హిందూ రాజు. ఇద్దరిలో ఎవరూ ముస్లిం కారు.

1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పడగొట్టాయి. ఢిల్లీ సుల్తానుల్లో చాలామంది తుర్కు మూలాలవాళ్లు. ఏలికల జాతి పేరు మెల్లమెల్లగా ఒక మతస్తులందరి పేరైంది. తమిళంలో తులుక్కన్, కన్నడంలో తురుక, మన దగ్గర తురక. ఉర్దూ తురకం అయింది. వేపను పోలిన ఇంకో చెట్టు తురకవేప అయింది.

ఇక గోల్కొండ సంగతి చూడండి. కుతుబ్‌షాహీ వంశానికి ఆద్యుడైన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చిన తుర్కుమాన్. ఆయన కొడుకు ఇబ్రహీం తెలుగు కవుల్ని ఆదరించాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. మలిక్ ఇబ్రహీం తెలుగు కవుల నోట మల్కిభరాముడయ్యాడు. నిజంగా తుర్కు వంశంలో పుట్టినవాడు రాముడయ్యాడు. ఏ తుర్కునూ ఎరగక ఇక్కడే పుట్టి, ఇక్కడే దూది ఏకి బతికినవాడు తురకోడయ్యాడు!

మనలోనూ లోపముంది. మా తాతలు తుర్కిస్తాన్ నుంచి గుర్రాలెక్కి వచ్చారని చెప్పుకునే ఖాన్‌దానీలు మనలో లేరా? వాళ్లు దూదేకులవాళ్లకు పిల్లనిస్తారా? బయటివాడు తరమడానికి వాడే మాటను లోపలివాడు గొప్పకు వాడుకుంటున్నాడు. మనలో అత్యధికులం ఈ నేల కులాల్లోంచే ఇస్లాంలోకి నడిచినవాళ్లం. ఇద్దరూ కలిసి ఆ సంగతినే కప్పిపెడుతున్నారు.

ఆ మాటను ఎవరూ పలకొద్దని నేననను. పాలామె నోట దాన్ని మళ్లీ వినాలనే ఉంటుంది. అయితే ఆ పేరు చూపించి మా పుట్టుకను తేల్చే హక్కు మాత్రం ఎవరికీ లేదు. పేరు పెట్టినవాడు ఎటు తిరిగి చూశాడో చెప్పడమే పేరు చేసే పని. ఆ కోడి విషయంలో జరిగిందీ అదే.

"మీ దేశం పో" అన్నవాణ్ణి అప్పుడు ఏమీ అడగలేకపోయాను. ఇప్పుడైతే అడుగుతాను. ఏ దేశం పొమ్మంటావు నాయనా, మంగోలియానా? మా తాతముత్తాతల గోరీలు మా ఊరి చెరువుకట్ట కిందే ఉన్నాయి.