తూగు

అంబాజీపేట మార్కెట్లో కురిడీ కొబ్బరి ధర వెయ్యి కాయల లెక్కన పలుకుతుంది, ఎండుకొబ్బరి ధర క్వింటాలు లెక్కన. ఒకటి ఎంచి కొంటారు, రెండోది తూచి కొంటారు. ఈ ‘తూచు’ పుట్టింది ‘తూగు’లోంచి. తూకం, తూనిక కూడా అక్కడివే. ఇద్దరు సమానమైతే సరితూగారంటాం, సిరిసంపదలు నిండితే తులతూగారంటాం.

అయితే తూగడమంటే బరువుకు సరిపోవడం ఒక్కటే కాదు. ఉయ్యాల తూగుతుంది. కునికిపాట్లు పడే మనిషి నిద్రకు తూగుతాడు. కన్నడంలోనూ తూగు అంటే తూచడం, ఊపడం రెండూ. తమిళుల ‘తూంగు’కు ఇవాళ నిద్రపోవడమే అర్థం గానీ, పాత అర్థం వేలాడటం. వేలాడటం, ఊగటం, బరువు తేలటం ఒకే ధాతువులోకి ఎలా చేరాయి? త్రాసు వల్లనే అనుకుంటాను. తట్టలు వేలాడాలి, కాసేపు ఊగాలి, ఆగాక గదా తూకం తెలిసేది.

సంస్కృతం దారి వేరు. తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో గురుత్వాన్ని గుణాల్లో ఒకటిగా చెప్పాడు. వస్తువు తొలిగా కిందికి జారడానికి అదే కారణం, అది పృథ్వికీ జలానికీ మాత్రమే ఉంటుంది. అంటే బరువు ఆ వస్తువు సొంత ఆస్తి. ‘తూగు’ అంత మాట అనదు. తూగాలంటే పైన పట్టి ఉంచేది కావాలి, కింద లాగేది కావాలి. లాగే బలం మారితే తూగే తీరూ మారాలి. నాకు ఈ దేశిపదం మీద ఇంత మక్కువ అందుకే.

నిజంగానే మారుతుంది. 1854లో జార్జి ఎయిరీ అనే ఇంగ్లీషు ఖగోళవేత్త హార్టన్ బొగ్గుగనిలో, పైన ఒక లోలకాన్నీ 1,250 అడుగుల లోతున ఇంకో లోలకాన్నీ తూగనిచ్చాడు. అడుగున ఉన్న లోలకం రోజుకు రెండుంపావు సెకన్లు ముందుకు పోయింది. అంటే అక్కడ బరువు సుమారు 19 వేలలో ఒక వంతు ఎక్కువ. అదే గనిలోకి త్రాసును దించితే ఏ తేడా కనపడదు, ఎందుకంటే సరుకూ తూనికరాయీ కలిసే బరువెక్కుతాయి. తూకం దాచిన సంగతిని తూగు చెప్పింది.

లోపలికి దిగితే బరువు తగ్గాలి కదా అనిపిస్తుంది. భూమి గుండ్రని పొరల ముద్ద. మనం దాటివచ్చిన పొరల లాగుడు అన్ని వైపుల నుంచీ సరితూగి సున్నా అయిపోతుందని న్యూటన్ నిరూపించాడు. మనకంటే లోతున ఉన్నదే లాగుతుంది. భూమి అంతటా ఒకే సాంద్రత ఉంటే అడుగడుగునా బరువు తగ్గేదే. కానీ పైపొర తేలిక, నడిమి ఇనుప గర్భం బహు భారం. దిగేకొద్దీ పోగొట్టుకునేది కొంచెం, దగ్గరయ్యేది చాలా. సుమారు 2,900 కిలోమీటర్ల లోతున, గర్భం అంచున, లాగుడు శిఖరానికి చేరుతుంది: ఉపరితలం మీద సెకను వర్గానికి 9.8 మీటర్లు ఉన్నది అక్కడ 10.7 దాకా. ఆ తర్వాత తగ్గి, కేంద్రంలో సున్నా. చందమామకు గర్భం చాలా చిన్నది. అక్కడ దాదాపు మొదటి నుంచీ తగ్గుదలే.

అంబాజీపేట ఉన్న కోనసీమ మట్టి గోదావరి మోసుకొచ్చి పోసింది. దాని కింద ఇసుకరాళ్లు, బంకరాళ్లు కిలోమీటర్ల మందాన ఉన్నాయి, గట్టి శిలకంటే తేలికవి. కాబట్టి ఇక్కడ దిగితే బరువు ఇంకా జోరుగా పెరుగుతుంది. 60 కిలోల మనిషి మూడు కిలోమీటర్ల లోతున స్ప్రింగు కాటా ఎక్కితే ఇరవై గ్రాములదాకా అదనంగా చూపుతుంది.

ఈ తేడాలను మన దేశంలో పద్ధతిగా కొలవడం బాసెవి అనే సర్వే అధికారితో మొదలైంది. 1865 నుంచి ఆయన లోలకాలు మోసుకుని ఊరూరా తిరిగాడు, మజిలీల్లో కాకినాడ కూడా ఉంది. 1871లో లడఖ్ ఎత్తుల్లో ఆ పని మీదనే ప్రాణం విడిచాడు. తర్వాత చమురు, గ్యాసు వెతికేవాళ్లు గ్రావిమీటర్లు తెచ్చారు. స్ప్రింగుకు వేలాడే చిన్న గుండు ఏమేరకు కిందికి సాగిందో చూసి, నేలడుగున గట్టిరాతి గట్లు ఎక్కడ లేచాయో, గుంటలు ఎక్కడ దిగాయో గీశారు. కోనసీమలోని రాజోలు బావుల్లో డ్రిల్లింగు ఆ తేలిక పొరలు దాటాక నల్లరాయికి తగిలింది. రాజమండ్రి దగ్గర కాటేరులోనూ, గోదావరి అవతల పంగిడి క్వారీల్లోనూ పైకే కనపడే లావా అది, సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లనాటిది. భూగర్భ శాస్త్రంలో ఆ లోతు పొరకు రాజోలు పేరే ఉంది.