మచ్చు, తాను, మాట: సరుకు వాపసు హక్కు – గోదావరి డెల్టా చరిత్ర నుండి ఒక పరిశీలన

కొన్న సరుకు, అమ్మినవాడు చెప్పిన వర్ణనకు భిన్నంగా తేలితే దాన్ని వాపసు ఇచ్చే హక్కు కొనుగోలుదారునికి వున్నదా? నేడు ఆన్‌లైన్ అంగళ్ళ మూలంగా ఈ ప్రశ్న ఇంటింటా వినిపిస్తున్నది. అమ్మినవాడి ముఖం తెలియదు. సరుకును చేత్తో తాకి చూసే వీలు లేదు. బొమ్మ చూసి, దాని కింది మాటలు చదివి, పైకం చెల్లించవలసిందే. పద్ధతి కొత్తదే గాని ప్రశ్న మాత్రం చాలా పాతది. గోదావరి డెల్టాలో రెండున్నర శతాబ్దాల నాడే ఈ ప్రశ్న వేలాది నేతగాళ్ళ బతుకులను శాసించింది.

ముందుగా ఇస్లామీ న్యాయశాస్త్రం ఈ విషయంలో ఏమి చెబుతున్నదో చూద్దాం. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు విన్నవించుకున్నాడు. తడిసిన ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైనే వుంచవలసిందని ఆయన మందలించి, మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసు ప్రసిద్ధమైనది. ధాన్యం తడవడం నేరం కాదు. ఆ తడిని దాచడమే నేరం. ఈ తేడాను గమనించడం అవసరం.

ఈ పునాది మీదనే ఫుఖహాలు వాపసు హక్కును వివరంగా నిర్మించారు. దీన్ని వారు 'ఖియార్' అన్నారు. అంటే బేరాన్ని నిలుపుకోవడానికో, వదులుకోవడానికో వున్న స్వేచ్ఛ. హనఫీ మార్గానికి మూలపురుషుడైన ఇమామ్ అబూ హనీఫా (మరణం హి. 150, క్రీ.శ. 767) స్వయంగా కూఫాలో వస్త్ర వర్తకుడు. లోపమున్న ఒక వస్త్రాన్ని ఆయన భాగస్వామి ఆ సంగతి చెప్పకుండా అమ్మివేశాడనీ, కొన్నవాడెవరో తెలియకపోవడంతో ఆ పైకమంతా ఇమామ్ దానం చేసివేశారనీ జీవిత చరిత్రకారులు చెబుతారు.

ఈ మార్గంలో భారతదేశపు మద్రసాలలో ఎక్కువగా చదివిన గ్రంథం బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం క్రీ.శ. 1197) రచించిన 'హిదాయా'. ఇందులో వాపసు గురించిన ఉదాహరణలలో వస్త్రాలకు సంబంధించినవీ వున్నాయి. ధాన్యం వంటి సరుకులో మచ్చు చూస్తే చాలును. ఎందుకంటే ఒక గింజకూ మరో గింజకూ తేడా వుండదు. మిగిలినది మచ్చుకంటే తక్కువరకంగా తేలితే వాపసు హక్కు నిలుస్తుంది. బట్టల విషయం వేరు. ఒక తానుకూ మరో తానుకూ తేడా వుంటుంది గనుక దేనికి దాన్ని చూడవలసిందే. ఫలానా గుణం వున్నదని చెప్పి అమ్మినప్పుడు ఆ గుణం లేదని తేలితే, కొన్నవాడు పూర్తి ధరకు వుంచుకోవచ్చు, లేదా వదులుకోవచ్చు. కాని బట్టను కత్తిరించి కుట్టించిన తరువాత లోపం బయటపడితే దాన్ని తిరిగి ఇవ్వరాదు. లోపం మేరకు తగ్గింపు మాత్రమే కోరవచ్చు.

మరి లోపమంటే ఏమిటి? వర్తకుల వాడుకలో ధరను తగ్గించేదే లోపమని ఈ గ్రంథం నిర్వచించింది. కొన్నవాడి ఇష్టాయిష్టాలు గాని, అమ్మినవాడి బుకాయింపు గాని ఇక్కడ ప్రమాణం కాదు. ఇద్దరికీ వెలుపల వున్న అంగడి వాడుకే ప్రమాణం. తగాదా వస్తే తీర్పు ఖాజీది. ఈ సూత్రం లోపించినచోట వాపసు హక్కు ఏ రూపం దాల్చుతుందో గోదావరి చరిత్ర చూపిస్తున్నది.

17వ శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో వుండగా డచ్చివారు పాలకొల్లులోనూ, ఇంగ్లీషువారు నరసాపురం చెంత మాధవాయపాలెంలోనూ వర్తక స్థానాలు నెలకొల్పుకున్నారు. 1708లో ఇంగ్లీషువారు ఇంజరంలో మరొకటి స్థాపించారు. మాధవాయపాలెం పేరు 'మాడపొల్లం'గా మారి ఇంగ్లండు అంగళ్ళలో ఒక రకం నూలు బట్టకే పేరయింది. నేతగాళ్ళకు బయానా ముందుగా ఇచ్చేవారు. నేయవలసిన బట్టకు మచ్చు వుండేది. తాను కోఠీకి చేరగానే మచ్చుతో పోల్చి, పొడవు, వెడల్పు, పోగుల చిక్కదనం చూసి ఒకటో రకం, రెండో రకం అని విడదీసేవారు. సరిపోనివాటిని తిప్పి పంపేవారు.

ముందు పైకమిచ్చి, వర్ణించిన సరుకును గడువుకు తీసుకునే బేరాన్ని ఫిఖ్హ్ 'సలమ్' అంటుంది. పొడవు, వెడల్పు, నేత నాణ్యం ముందే స్పష్టంగా చెప్పుకుంటే బట్టలలోనూ ఇది చెల్లుతుంది. పైకి చూస్తే కంపెనీ పద్ధతి ఇటువంటిదే. కాని ఉత్తర సర్కారులు 1765–66లలో కంపెనీ వశమైన తరువాత కొనుగోలుదారుడే పాలకుడయ్యాడు. బట్ట బాగోగులు తేల్చేవాడు కొనేవాడి ఉద్యోగే. బయానా పుచ్చుకున్న నేతగాడు మరొకరికి నేయడానికి వీలులేదు. తిప్పి పంపిన తాను అతని ఇంటికి అప్పుగా తిరిగి వచ్చేది. 1798లో గోదావరి ప్రాంతపు నేతగాళ్ళు కంపెనీ పద్ధతులపై బాహాటంగా తిరగబడ్డారు.

ఆశ్చర్యకరమైన విషయమేమిటంటే, ఆ కంపెనీ బెంగాలు గవర్నరు జనరల్ వారెన్ హేస్టింగ్స్ ప్రోద్బలంతోనే ఛార్లెస్ హామిల్టన్ 'హిదాయా'ను ఇంగ్లీషులోకి తెచ్చాడు; 1791లో అది లండన్‌లో అచ్చయింది. లోపాన్ని కొనేవాడొక్కడే నిర్ణయించరాదన్న గ్రంథం అధికారుల బల్ల మీద వున్నది. దాని న్యాయం మాత్రం ఇంజరం కోఠీ దాకా చేరలేదు.

తరువాతి కాలంలో చట్టం మెల్లగా దారికి వచ్చింది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం, వర్ణన మీద అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలన్నది. మచ్చు, వర్ణన రెండూ వున్నప్పుడు మచ్చుకు సరిపోతే చాలదని కూడా స్పష్టం చేసింది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం ప్రకారం కొన్నవాడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనలు, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును తిరిగి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించరాదన్నాయి. సూరత్‌లోని వర్తకుడి నుండి కొన్న రాజమండ్రి గృహిణి సూరత్ దాకా పోనవసరం లేదు.

ఇక నేటి ఉదాహరణ ఒకటి చూద్దాం. కాకినాడ చెంతనున్న ఉప్పాడ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. జాందానీ అన్న మాటే పారసీ నుండి వచ్చింది. బుటాలను మగ్గం మీదనే అదనపు పోగులతో చేత్తో ఎక్కించడం దీని ప్రత్యేకత. మరమగ్గం మీద నేసిన చీరను ఈ పేరుతో అమ్మితే కొన్నవారు మోసపోతారు. ఉప్పాడ నేతగాడి శ్రమఫలమూ పోతుంది. అటువంటి చీరను వాపసు ఇవ్వడం కేవలం పైకం రాబట్టుకోవడం కాదు; అబద్ధపు మాటను అంగడిలో చెల్లనివ్వకపోవడం.

అయితే హక్కుకు రెండో వైపు కూడా వున్నది. పెళ్ళిలో ఒక పూట కట్టి, మడతపెట్టి, బాగాలేదని తిప్పి పంపేవారూ వున్నారు. కత్తిరించిన బట్టను గురించి ఫుఖహాలు పెట్టిన హద్దు ఇటువంటి వారి కొరకే. తన నేతను తానే అమ్ముకునే చిన్న నేతగాడికి అలా తిరిగి వచ్చిన చీర ఇంజరం కోఠీ తిప్పి పంపిన తానుకంటే తేలికైనదేమీ కాదు.

బలవంతుడి చేతిలో వాపసు హక్కు ఎలా దోపిడీ అయిందో గోదావరి నేతగాళ్ళ చరిత్ర చెబుతున్నది. అది న్యాయంగా నిలవాలంటే అమ్మేవాడు తడిని పైకి చూపాలి. కొనేవాడు లేని లోపాన్ని కల్పించరాదు. ఇద్దరి నడుమ తీర్పు ఇద్దరిలో ఏ ఒక్కరిదీ కారాదు.