రెండు ధరల మధ్య మా సర్ఖని: పత్తి కథ, పక్కనే బర్మా వడ్ల కథ

మన ఇంటి పిల్లలు చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఆదిలాబాద్ మామ వాళ్ళింటికి మనం ఏళ్ళ తరబడి ఎందుకు పోలేదు? పెద్దలు మాట దాటేస్తరు. ఈసారి మేము దాటేయకుండా రాస్తున్నాం. ఇంటి తగవు చెప్పాలంటే ముందు ఊరి చరిత్ర, పత్తి చరిత్ర చెప్పాలి.

సర్ఖని ఉన్న కిన్వట్ ప్రాంతం నిజాం కాలంలో ఆదిలాబాద్ జిల్లాలో ఉండె. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల లెక్కన మూడు ముక్కలు చేసినప్పుడు కిన్వట్ నాందేడ్ జిల్లాకు, అంటే బొంబాయి రాష్ట్రానికి పోయింది. ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో ఉండిపోయింది. అమ్మ పుట్టిల్లు ఉన్న బీదర్ మైసూరుకు పోయింది. మన కుటుంబం ఎక్కడికీ కదలలేదు, కానీ మూడు రాష్ట్రాలల్ల పడ్డది. మేము కన్నడ బడిలో చదివింది, తెలుగు అక్షరాలు పెద్దయినంక నేర్చుకున్నది అందుకే. తప్పులుంటే సర్దుకోండి.

1960లో మహారాష్ట్ర ఏర్పడ్డది. తాత పొలంలో జొన్న, కంది, పత్తి. నగదు వచ్చేది పత్తి మీదనే. అప్పట్లో పత్తి అమ్మకం అంటే దళారి చెప్పిందే ధర. విత్తనాలకు, పెళ్ళిళ్ళకు అప్పు ఇచ్చేది ఆయనే, పంట కొనేది ఆయనే. కాంటా కూడా ఆయనదే. ఈ పద్ధతి మార్చాలని మహారాష్ట్ర ప్రభుత్వం 1971లో చట్టం చేసి, 1972-73 సీజన్ నుంచి పత్తి ఏకాధికార కొనుగోలు పథకం పెట్టింది. రాష్ట్రంలో పండిన పత్తి అంతా ప్రభుత్వ పథకమే కొంటది. వ్యాపారి కొనకూడదు, రైతు బయట అమ్మకూడదు. ముందే ప్రకటించిన హామీ ధర ఉంటది. లాభం వస్తే సీజన్ చివర రైతుకు అదనపు ధర ఇస్తరు.

ఇది చెడ్డ ఆలోచన అని మేము అనం. తాత కూడా అనలేదు. "దళారి గుమ్మం ముందు చేతులు కట్టుకొని నిలబడుడు తప్పింది" అనేవాడట. ధర ముందే తెలిస్తే రైతుకు ధైర్యం.

కానీ మేము చేసే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో మొదటి రోజుల్లోనే నేర్పే పాఠం ఒకటుంది. ప్రోగ్రామ్ నడుమ భాగంలో బాగానే నడుస్తది, తప్పు దొరికేది హద్దుల దగ్గర. ఒకటి నుంచి వంద వరకు తీసుకోవాలంటే సున్నా ఇచ్చి చూడాలి, నూటొకటి ఇచ్చి చూడాలి. పత్తి పథకానికి సర్ఖని అట్లాంటి హద్దు. ఇటు ఒకే ధర, ఒకే కొనుగోలుదారు. తూర్పున ఆదిలాబాద్ మార్కెట్లో రోజుకో ధర, పదిమంది వ్యాపారులు. నడుమ ఉన్నది రికార్డుల్లో గీసిన గీత. రెండు దిక్కులా మాట్లాడేది తెలుగు, మరాఠీ, గోండి. రెండు దిక్కులా చుట్టాలే.

అటు ధర ఎక్కువున్న ఏడాది పత్తి రాత్రిపూట బండ్ల మీద అటు పోయేది. ఇటు హామీ ధర ఎక్కువున్న ఏడాది అటు పత్తి ఇటు వచ్చేది. అంటే మార్కెట్ బాగున్నప్పుడు పథకానికి సరుకు తగ్గేది, మార్కెట్ పడిపోయినప్పుడు పక్క రాష్ట్రాల సరుకు కూడా వచ్చి మీద పడేది. లాభం అటు పోయి నష్టం ఇటు మిగిలేది. 1990 దశకం చివర్లో ప్రపంచ మార్కెట్లో పత్తి ధర బాగా పడ్డప్పుడు, హామీ ధర పైనే ఉండటంతో నష్టాలు మోయలేనంత పెరిగినయి. 2002లో వ్యాపారులకు మళ్ళీ కొనే అనుమతి ఇచ్చిన్రు. ఏకాధికారం ఆడికి ముగిసింది.

ఇది ఒక్క మన దగ్గరి కథ అనుకున్నాం. ఆఫీసులో శ్రీకాకుళం దోస్తు ఒకడు తన ముత్తాత "రంగం" పోయిన సంగతి చెప్పినంక బర్మా గురించి చదివినం. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వేలమంది తెలుగువాళ్ళు రంగూన్ రేవులో మూటలు మోసిన్రు, రైసు మిల్లుల్లో పనిచేసిన్రు. అక్కడ వాళ్ళను కోరంగీలు అనేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బర్మా ఏటా 30 లక్షల టన్నుల దాకా బియ్యం ఎగుమతి చేసేది, ప్రపంచంలోనే అందరికన్నా ఎక్కువ.

1948లో స్వతంత్రం వచ్చినంక అక్కడి ప్రభుత్వం బియ్యం ఎగుమతిని తన బోర్డు చేతికి తీసుకుంది. రైతుకు 100 బుట్టల వడ్లకు 285 చాట్‌ల ధర కట్టింది. కొరియా యుద్ధం రోజుల్లో బయట బియ్యం ధర బాగా పెరిగినా రైతుకు ఆ 285 మారలేదు. తేడా డబ్బు ప్రభుత్వానికి పోయింది, దానితోనే అభివృద్ధి ప్రణాళికలు మొదలుపెట్టిన్రు. 1962లో నె విన్ సైనిక పాలన వచ్చి, వ్యాపారాలు, మిల్లులు జాతీయం చేసింది. 1964లో 50, 100 చాట్‌ల నోట్లు రద్దు చేసింది. తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు ఓడలెక్కి తిరిగొచ్చినయి. 1960ల చివరికి బియ్యం ఎగుమతి పది లక్షల టన్నుల లోపుకు దిగింది. రైతు బోర్డుకు తక్కువ అమ్మి, దొంగచాటు మార్కెట్‌కు ఎక్కువ పంపిండు. 1987 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి బర్మాను అతి వెనుకబడిన దేశాల జాబితాలో చేర్చింది.

రెండూ ఒకటే అని మేము అనం. మహారాష్ట్ర రైతుకు ఎక్కువ ఇయ్యాలని చూసి నష్టపోయింది, బర్మా రైతుకు తక్కువ ఇచ్చి దేశం కట్టాలని చూసి నష్టపోయింది. కానీ రెండు చోట్లా ధర రాసినవాళ్ళు హద్దు దాకా వచ్చి చూడలేదు. రైతు మంచోడా దొంగా అన్నది కాదు సంగతి. ఒక ఊర్లో రెండు ధరలుంటే బండి ఎటు తిరగాలో ఎద్దుకు కూడా తెలుస్తది.

ఇప్పుడు ఇంటి సంగతి. 1980లలో ఒక ఏడాది ఇటు ధర ఎక్కువుండె. ఆదిలాబాద్ దిక్కు బాపు వాళ్ళ మేనత్త ఇంటి పత్తి, ఎనిమిది క్వింటాళ్ళు, తాత పేరు మీద ఇక్కడ అమ్మిన్రు. ఇది చట్టానికి విరుద్ధమని ఇద్దరికీ తెలుసు. మొదట వచ్చిన డబ్బు తాత వాళ్ళకు ఇచ్చేసిండు. తర్వాత వచ్చిన మిగతా డబ్బు మాత్రం ఇయ్యలేదు. ఆ ఏడే పెద్దత్త పెళ్ళి ఉండె. పావతీ తాత పేరు మీద ఉన్నది కాబట్టి వాళ్ళు ఎవరికీ చెప్పుకోలేకపోయిన్రు. దొంగచాటు లెక్కకు పంచాయితీ ఉండదు కదా.

తాత సందుకలో ఆ పావతీ మాకు దొరికింది. పోయిన ఏడు దసరాకు బాపును తీసుకొని మామ దగ్గరికి పోయినం. పావతీ చూపించి లెక్క చెప్పినం. మామ కళ్ళద్దాలు పెట్టుకొని చానాసేపు చూసిండు. "పైసల సంగతి పోనీ బామ్మర్దీ, అమ్మ పోయేదాకా మా అన్న ఎందుకు రాలేదని అడిగేది" అన్నడు. బాపు ఏం మాట్లాడలేదు. అన్నం అక్కడే తిన్నం.

ఇది రాయొద్దని ఇంట్లో కొందరన్నరు. తాత చెడ్డపేరు తెచ్చుకుంటడని భయం. మాకైతే తాత చేసిన తప్పు తాతదే, ఆ తప్పుకు దారి చూపిన గీత మాత్రం ఆయన గీసింది కాదు. రెండూ మన పిల్లలకు తెలియాలె. మీ ఇళ్ళల్లో పాత పావతీలు, పత్తి కార్డులు ఉంటే ఫోటో తీసి పంపండి. ఆ రోజుల లెక్కలు పక్కపక్కన పెట్టి చూద్దాం.