ఓము అను ఉపాధ్యాయుడు



కొన్నియేండ్ల క్రిందట మా బాటసింగారములో బంధువుల యింట వివాహము జరిగెను. పెరటి చివరనున్న పూరికొట్టములో కాగునిండ నీళ్లు పోసి, అందు కరెంటు హీటరు నుంచిరి. మీటరునుండి అరువది గజముల సన్నని తీగ లాగిరి. నీళ్లు ఎంతకును కాగవయ్యెను. తీగ మాత్రము చేతికి వేడిగా తగిలెను. హీటరు పనికిరానిదని యజమాని అంగడివానిని తిట్టుచుండెను. నేను వారించి, కరెంటు పనివానిచేత కొలిపించితిని. మీటరువద్ద 230 వోల్టులు, హీటరువద్ద 200, తీగలో పారునది 8 ఆంపియర్లు. ఈ మూడంకెలు చాలును. ఎట్లు చాలునో తెలియుటకు, ఈ లెక్క కనిపెట్టినవాని కథ ముందు వినవలెను.

గియోర్గ్ సైమన్ ఓము 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణమున పుట్టెను. తండ్రి తాళములు చేయువాడు. కుమారునకు గణితము తానే నేర్పెను. ఓము కొలోను పట్టణమున, నావలెనే, బడిలో పాఠములు చెప్పుకొనువాడు. తీగ పొడవు పెరిగినకొలది విద్యుత్ప్రవాహ మెంత తగ్గునో కొలువగోరెను. ఆ నాటి బ్యాటరీల బలము నిలుకడగా నుండెడిది కాదు. అందుచే బిస్మతు, రాగి అను లోహముల నతికి, ఒక అతుకును మరుగు నీటను, రెండవదానిని మంచునందు నుంచి, వాని వలన పుట్టు నిలుకడైన ప్రవాహమును వాడెను. వేర్వేరు పొడవులుగల ఎనిమిది రాగితీగలను వరుసగా కలిపి, అయస్కాంతపు ముల్లు తిరుగుటను చూచి ప్రవాహమును లెక్కించెను.

తేలినది మన త్రైరాశికమే. వోల్టులు హెచ్చిన ఆంపియర్లు హెచ్చును. నిరోధము హెచ్చినచో తగ్గును. ఈ రెండవది లీలావతిలో భాస్కరుడు చెప్పిన వ్యస్తత్రైరాశికము. వోల్టులను ఆంపియర్లచే భాగించిన నిరోధము వచ్చును.

1827లో ఓము దీనిని గ్రంథముగా ప్రకటింపగా స్వదేశపు పండితులు పలువురు నిరాదరించిరి. కూర్చుండి తత్త్వము తేల్చువారికి కొలబద్ద రుచింపదు గదా! అతడు కొలోను ఉద్యోగము విడిచి, 1833లో న్యూరెంబర్గులో కొలువు దొరకువరకు చిల్లర బోధనలతో కాలము గడపెను. లండను రాయల్ సొసైటీవారు 1841లో కాప్లీ పతక మిచ్చిరి. కోరిన విశ్వవిద్యాలయపు ఆచార్యపీఠము మ్యూనిక్కులో 1852లో పూర్తిగా దక్కెను, 1854లో మరణించెను. అనుభవించినది రెండేండ్లు! 1881లో పారిసు సభవారు నిరోధపు కొలతకు అతని పేరే నిలిపిరి. హైదరాబాదున హుస్సేన్ సాగరపు గట్టుమీద 1920లో వెలసి, తరువాత తొలగింపబడిన విద్యుత్కేంద్రపు దీపములకును, నేటి మా యూరి దీపములకును లెక్క యిదియే.

ఇక పెండ్లియింటి సంగతి. దారిలో పోయినవి 30 వోల్టులు. 8చే భాగింపగా, పోవుతీగ వచ్చుతీగ కలిసి నిరోధము 3.75 ఓములు. వోల్టులను ఆంపియర్లచే గుణించిన వాట్టులు వచ్చును. కావున తీగలో వృథాగా వేడియైనది 240 వాట్టులు. హీటరునకు అందినది 1600. దాని నిరోధము 25 ఓములు. 230 వోల్టులును అందినచో 2116 వాట్టులు తీసికొనవలసినది. దానిపై ముద్రించినది 2000. హీటరునం దేమియు లోపము లేదు. ఆ 240 వాట్టులు తీగపైనున్న తొడుగును కరగించి పూరికప్పు నంటియుండినచో ఏమగునో మీరే యూహింపుడు.

లావుపాటి తీగ తెప్పించిరి. ముహూర్తమునకు ముందే నీళ్లు మరిగెను. సన్నని తీగను యజమాని పారవేయలేదు. బట్టలారవేయుటకు పెరటిలో కట్టుకొనెను.